మఫ్లర్ తీసుకోండి

సోమవారం ఉదయం పదింటికి వలెరియన్ క్రూపా స్టూడియో గదిలో కూర్చుని పుల్లని పచ్చ ఆపిల్‌ని చాకుతో పల్చగా కోసుకుంటున్నాడు. మైకు ముందుకి వెళ్లే ముందు రెండు ముక్కలు నమిలితే నోట్లో జిగట పోతుంది, పెదవులు విడిపడేటప్పుడు చప్పుడు రాదు. ఆయనకి డెబ్భై ఆరేళ్లు. నలభై ఏళ్లకు పైగా ఇదే రకం ఆపిల్, ఇదే చాకు.

ఆయన లెక్టరు. టీవీలో పరాయి భాష సినిమా నడుస్తుంటే ఒకే ఒక్క మగగొంతు అందరి మాటలూ మా పోలిష్ భాషలో చదువుతూ పోతుందే, ఆ పని. హీరో మాటలూ ఆయనే చదవాలి, హీరోయిన్ మాటలూ ఆయనే చదవాలి, చంపేవాడూ ఆయనే, చచ్చేవాడూ ఆయనే. కానీ నటించకూడదు. తుపాకీ పేలినా ముద్దు పెట్టుకున్నా గొంతు ఒక్కలాగే ఉండాలి, తెర మీద మనిషి నోరు తెరిచిన అర క్షణం తర్వాత మొదలుపెట్టి అతనితో పాటే ముగించాలి. మా వాళ్లకి ఇలాగే కావాలి. పాత్రకో గొంతు పెట్టి చూపిస్తే వార్సాలో సగం మంది ఛానల్ మార్చేస్తారు, మిగతా సగం టీవీ పాడైందనుకుంటారు.

ఆ గొంతు దేశమంతటికీ తెలిసింది మేజర్ ఆర్డెన్ సినిమాల వల్ల. పదహారు సినిమాలు, అయిదుగురు హీరోలు, గూఢచారి మాత్రం ఒక్కడే. ఇప్పుడు ఏదో వార్షికోత్సవమని ఛానల్ వాళ్లు అన్నిటికీ బొమ్మ శుభ్రం చేయించి మళ్లీ వేస్తున్నారు. కొత్త గొంతు పెడితే జనం ఊరుకోరని వలెరియన్‌నే పిలిపించారు. ఈ వారం నాలుగో సినిమా వంతు, మంచులో ముగిసేది.

వలెరియన్ ఎప్పుడూ పేజీలు చివరి నుంచి వెనక్కి చూసుకుంటాడు. ఎక్కడ ఆగాలో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెడతాడు. పేజీ మూల కాస్త పైకి మడుస్తాడు, తిప్పేటప్పుడు గలగల రాకుండా. ఆ రోజు చివరి పేజీ తీసి గీత పెట్టబోయి ఆగాడు. ఆ మాట లేదు.

ఆ మాట ఏమిటో మా దేశంలో ఎవర్నీ అడగక్కర్లేదు. సినిమా చివర్లో ఆర్డెన్ సూటు తప్ప ఏమీ లేకుండా మంచులోకి వెళ్లిపోతుంటాడు. ప్రేయసి గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఆమె వీపు మనవైపు. అప్పుడు లెక్టరు గొంతు, "మఫ్లర్ తీసుకోండి" అంటుంది. అంతే, సినిమా అయిపోతుంది. ఎనభై ఎనిమిది జనవరిలో అది మొదటిసారి వచ్చాక ఉత్తరాల బస్తాలు వచ్చాయి. రైలెక్కేవాళ్లకి అదే మాట, ఆసుపత్రికి వెళ్లేవాళ్లకి అదే మాట. మా వీధిలో జూన్ నెలలో కూడా అంటారు. తర్వాత వచ్చిన పన్నెండు సినిమాల్లోనూ ఎవరో ఒకరి చేత ఆ మాట అనిపించక తప్పలేదు.

వలెరియన్ పేజీ పట్టుకుని అద్దాల అవతల ఉన్న ఎడిటర్ కలీనా దగ్గరికి వెళ్లాడు. కలీనాకి ముప్పై అయిదేళ్లుంటాయి, పని శుభ్రంగా చేసే మనిషి, ఆయనంటే గౌరవం కూడా. ఒరిజినల్‌లో అక్కడ మాటే లేదని, సంగీతం ఒక్కటే ఉందని ఆమె నెమ్మదిగా చెప్పింది. అభిమానులే పట్టుకున్నారట. పదమూడు సినిమాల్లోనూ తీసేస్తున్నారట. చివర్లో చదివే పేర్లలో కూడా అనువాదకురాలి పేరు బదులు 'సవరించిన ప్రతి' అని ఉంటుందట.

వలెరియన్ కాగితం మీద చూశాడు. నిజమే. ప్రతి సినిమా చివరా ఆయన చదివే రెండు ముక్కలున్నాయి: "పాఠం, ఇర్మినా లాసోటా. చదివినది, వలెరియన్ క్రూపా." ముప్పై ఏళ్లు ఆ రెండు పేర్లూ ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. ఇప్పుడు రెండోదే మిగిలింది.

"ఆవిడ పేరు తీసేయడానికి ఆవిడేం తప్పు చేసిందండీ?" అని అడిగాడు.

"లేని మాట కలిపారు కదా, వలెరియన్ గారూ. మీరే అంటారుగా, లెక్టరు ఉన్నది మానకూడదు, లేనిది చదవకూడదు అని."

అది ఆయన రోజుకి రెండుసార్లు చెప్పే మాటే. దొరికిపోయాడు. అయినా, చివరి రీలు తను చదవనని చెప్పేశాడు. ఆ మాట అన్నాక ఆయనకే ఆశ్చర్యమేసింది, ఇన్నేళ్లలో ఇది చదవనని ఎప్పుడూ అనలేదు మరి. కలీనా పెన్ను మూత పెట్టింది. గురువారం దాకా ఆగుతానంది. ఆ మాట అక్కడ ఎందుకు ఉండాలో ఒక్క కారణం పట్టుకొస్తే ఛానల్ వాళ్లతో తనే మాట్లాడతానంది.

మంగళవారం మధ్యాహ్నం వలెరియన్ ఎప్పటిలాగే వీధి చివర పాలబార్ అనే చవక హోటలుకి భోజనానికి వెళ్లాడు. ట్రే పట్టుకుని వరసలో నిలబడి బీట్‌రూట్ సూపు, బంగాళాదుంప దోసెలు అడిగాడు. అడగగానే కౌంటరు దగ్గరావిడ గరిటె ఆపేసింది. బయట ఆయనకి ఇదొక బాధ. మొహం ఎవరికీ తెలియదు, నోరు తెరిస్తే చాలు అందరికీ తెలిసిపోతుంది.

కారణం కావాలి కాబట్టి ఈసారి తప్పించుకోలేదు. మఫ్లర్ మాట ఉంచాలా, తీసేయాలా అని తనే అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది. ట్రామ్ డిపో కోటు వేసుకున్నాయన చెంచా కింద పెట్టి, ఆర్డెన్ సినిమాలంటే మొదటి మూడేనని, నాలుగో దాన్ని ఆ మఫ్లర్ మాటే పాడుచేసిందని, గూఢచారి అన్నవాడికి జలుబు సంగతి ఎవరూ చెప్పకూడదని తేల్చేశాడు. కిటికీ పక్క కూర్చున్న ముసలావిడకి ఒళ్లు మండింది. మొదటి హీరో చెక్కముక్కలా ఉంటాడని, మూడోవాడు ఊరికే నవ్వుతాడని, ఇప్పటివాడు ఏడుస్తాడని, ఆ సినిమాలన్నిటిలో మనిషి మాట్లాడినట్టు ఉన్నది మఫ్లర్ మాట ఒక్కటేనని ఆవిడ వాదించింది. అన్నీ చెత్తే, అయినా ఒక్కటీ వదల్లేదని ఇంకొకాయన ఒప్పుకున్నాడు. సూపు చల్లారిపోయింది.

అప్పుడు కౌంటరు దగ్గరావిడ గిన్నె తుడుస్తూ అడిగింది. "అది సరే గాని, ఆ పిల్ల సినిమా అంతా వాణ్ని 'నువ్వు' అంటుంది. మంచం మీదా నువ్వే, పడవలోనూ నువ్వే. గుమ్మంలో మాత్రం 'తీసుకోండి' అంటుందేం? నాకిప్పటికీ అర్థం కాలేదు."

కోపమొచ్చి అందని ట్రామ్ ఆయన అన్నాడు. కాదు, ఇక చూడననుకుని మర్యాద ఇచ్చిందని ముసలావిడ అంది. వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. వలెరియన్ మాత్రం దోసె ముక్క ఫోర్కుకి గుచ్చుకుని అలాగే ఉండిపోయాడు. మాటలు చదవడమే బతుకుగా బతికిన మనిషి, ఆ 'అండి' సంగతి ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా పట్టించుకోలేదు.

ఇంటికి వెళ్లి బీరువా కింది అరలోంచి పాత కాగితాల కట్టలు లాగాడు. చదివిన ప్రతి పాఠమూ దాచుకోవడం ఆయనకి అలవాటు. నాలుగో సినిమా కట్ట ముడి బిగుసుకుపోతే కత్తెరతో కోశాడు. చివరి పేజీని కిటికీ వెలుతురులో పెట్టుకున్నాడు.

ఇర్మినా టైపు చేసిన పేజీల్లో ప్రతి లైనుకీ ఎడమ పక్కన ఒక నంబరు ఉంటుంది, తెర మీద ఆ మాట ఎన్నో సెకనులో వస్తుందో చెప్పేది. ఈ పేజీలోనూ ఉన్నాయి. చివరి లైనుకి లేదు. పైన రెండు లైన్ల ఖాళీ వదిలి, నంబరు లేకుండా, పాత్ర పేరు లేకుండా, 'మఫ్లర్ తీసుకోండి' అని ఉంది. దాని ముందు పెన్సిల్ గీత కూడా ఉంది. ఆ గీత ఆయన స్వయంగా పెట్టుకున్నదే, ఇక్కడ కాస్త ఆగి చదవాలని.

నంబరు లేని లైను సినిమాలోది కాదు. అంత మాత్రం ఎవరికైనా తెలుసు. వలెరియన్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ జనవరిలో ఆయనకి గొంతు పట్టేసింది. మాట మాటకీ దగ్గు. ఇర్మినా బుధవారాలు పాఠం పట్టుకొచ్చి ఇచ్చేది, నిలబడే 'అండి' అంటూ రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేది. ఆ వారమే రికార్డింగ్ గది బయట ఆయన కోటు పక్క కొక్కేనికి మఫ్లరొకటి వేలాడుతూ ఉండేది. బూడిద రంగు, ఒక చివర ఆకుపచ్చ చార. చేత్తో అల్లింది. నాలుగు రోజులైనా ఎవరూ తీసుకోకపోతే ఆయనే దాన్ని మడతపెట్టి గేటు దగ్గర కాపలాదారుకి అప్పగించాడు. ఎవరో మర్చిపోయారు పాపం, అడిగితే ఇవ్వమని చెప్పి, మంచి పని చేశానని సంతోషిస్తూ మెడ బోసిగా ఇంటికి వెళ్లాడు.

ఇదంతా గుర్తొచ్చేసరికి వలెరియన్‌కి చెవులు వేడెక్కాయి. సిగ్గు అని వేరే చెప్పక్కర్లేదు.

బుధవారం పదకొండింటికి ఇర్మినా తలుపు తీసింది. చేతులకి పిండి ఉంది. డెబ్భై రెండేళ్ల మనిషి, నెరిసిన జుట్టు పిన్నులతో గట్టిగా దోపుకుంటుంది. ఆమె ఉద్యోగం మానేశాక వాళ్లిద్దరూ ఏడాదికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటారు, ఒకరి పేరు దినానికి ఒకరు, అంటే తమ పేరున్న సెయింట్ పండగ రోజున. అంతకు మించి లేదు. చెప్పకుండా వచ్చినందుకు ఆయన క్షమాపణ చెప్పుకుంటుంటే ఆమె వంటింట్లోకి తీసుకెళ్లి చేతికి ఒక గాజుగ్లాసు ఇచ్చింది. పరిచిన పిండి మీద దాన్ని బోర్లించి నొక్కి గుండ్రంగా కొయ్యాలి. ఆమె వాటిలో దుంపా జున్నూ పెట్టి అంచులు నొక్కుతుంది.

స్టూడియోలో జరిగింది ఆయన చెప్పాడు. ఆమె విన్నది. పేరు తీసేసిన సంగతి చెప్పినప్పుడు వేళ్లు ఒక్కసారి ఆగాయి. మళ్లీ నొక్కడం మొదలుపెట్టి ఆర్డెన్ మీదికి మళ్లించింది. పదహారు సినిమాలు అనువదించానని, ఆ మనిషి ఒక్కసారైనా ప్లేటు ఖాళీ చేయలేదని, సూపు వచ్చేలోపే ఎవడో కాలుస్తాడని అంది. అతనంటే ఆమెకి కోపమూ ఉంది, జాలీ ఉంది. వలెరియన్ మూడు చక్రాలు కోసి గ్లాసు పక్కన పెట్టాడు. జేబులోంచి పేజీ తీసి బల్ల మీద పిండిలోనే పరిచాడు.

"దీనికి నంబరు లేదు" అన్నాడు.

ఆమె కళ్లజోడు నుదుటి మీంచి కిందికి లాక్కుని చూసింది. "లేదు" అంది.

"మరి నేనెందుకు చదివాను?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. ముప్పై ఏళ్ల నుంచి."

"కాగితం మీద ఉందని చదివాను."

ఇర్మినా నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చోవాల్సి వచ్చేంతగా. కళ్లలో నీళ్లొస్తే మణికట్టుతో తుడుచుకుంది, చెంప మీద పిండి అంటుకుంది. "కోటి మందికి చెప్పారు. మీరొక్కరే వినలేదు" అంది.

గేటు దగ్గర మఫ్లర్ తెచ్చుకోవడానికి వెళితే, 'పోగొట్టుకున్నవారు' అని ఉన్న చోట కాపలాదారు తన చేత సంతకం పెట్టించుకున్నాడని చెప్పింది. తర్వాత నాలుగు చలికాలాలు దాన్ని తనే చుట్టుకుందట. ఒకసారి లిఫ్టులో ఆయన చూసి, రంగు బాగుందని కూడా అన్నాడట.

వలెరియన్ గ్లాసు అంచుకి అంటిన పిండి గీకాడు. "అప్పుడే ఒక మాట చెప్పాల్సింది, ఇర్మినా గారూ" అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏ మాట చెప్పను? నాకున్నది ఆ ఒక్క మాటే. దాన్ని మీరు దేశానికిచ్చేశారు. వారం తిరిగేసరికి ట్రామ్‌లో కండక్టర్లు అంటున్నారు, తాగినవాళ్లు అంటున్నారు. నేనొచ్చి మీ ముందు నిలబడి అదే మాట మళ్లీ అంటే మీరేం చేసేవారు? నవ్వేవారు." చేతిలో ఉన్నదాని అంచు నొక్కి పళ్లెంలో పెట్టింది. "పన్నెండుసార్లు మళ్లీ టైపు చేయించారు ఛానల్ వాళ్లు నా చేత. 'అండి'తో సహా. జనానికి అలాగే కావాలట."

వలెరియన్ గ్లాసు తీసుకుని మిగిలిన పిండి కోశాడు. ఎంత నెమ్మదిగా కోసినా అయిపోయింది. ఆ మాట ఉంచమని పోరాడమంటారా, వదిలేయమంటారా అని చివరికి అడిగాడు. మీ ఇష్టమంది ఆమె. మఫ్లర్ ఇంకా ఉందా అని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. ఇర్మినా గుమ్మం దాకా వచ్చి, ఇద్దరూ చేసిన ఆ పిరోగీలు ఉడికించి మూతగిన్నెలో పెట్టి ఇచ్చి, మూడో అంతస్తులో ఒక మెట్టు విరిగిందని, చూసుకుని దిగమని చెప్పింది. ఆయన ఇంకో మాట కోసం కాసేపు నిలబడ్డాడు. ఆమె అనలేదు.

గురువారం ఆయన వచ్చేసరికి కలీనా మొహం వెలిగిపోతోంది. నిన్నంతా ఫోన్లోనే ఉందట. తీసేస్తారని ఎలాగో బయటికి పొక్కి ఛానల్‌కి గుట్టలుగా ఈమెయిళ్లొచ్చాయట, ఉంచమని కొన్ని, తీసి పారేయమని కొన్ని, ఇదంతా ఒక గొడవా అని తిడుతూ కొన్ని. చివరికి వాళ్లు తగ్గారు. మఫ్లర్ మాట ఉంటుంది, పేరూ ఉంటుంది. కొత్తగా ప్రింటు తీసిన పేజీ ఆయన చేతికిచ్చింది. చివరి లైనుకి ఇప్పుడు నంబరు కూడా పెట్టారు.

"గెలిచారు, వలెరియన్ గారూ" అంది.

ఆయన ఆమె చేతిని పట్టుకుని గట్టిగా ఊపి కృతజ్ఞతలు చెప్పాడు. రెండు ముక్కలు ఆపిల్ నమిలాడు. మైకు ముందు కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలిగింది.

రీలంతా ఎప్పటిలా సాగింది. మంచు, గుమ్మం, హీరో రెండడుగులు వేశాడు. ప్రేయసి వీపు తిప్పి నిలబడింది. వలెరియన్ పేజీ మీద అరచెయ్యి ఆనించి, నోరు మూసుకుని కూర్చున్నాడు.

నంబరు వచ్చింది, దాటిపోయింది. ఇన్నేళ్లూ ఆయన తెరని మాటల కోసమే చూశాడు, ఎవరి పెదవులు ఎప్పుడు కదులుతాయా అని. మొదటిసారి ఊరికే చూశాడు. మంచు మెల్లగా పడుతోంది. వెళ్లిపోయేవాడి మెడ బోసిగా ఉంది, వాడు వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఎంత మూర్ఖుడురా అనుకున్నాడు వలెరియన్. వాడిమీద జాలేసింది.

పేర్లు మొదలయ్యాయి. "పాఠం, ఇర్మినా లాసోటా. చదివినది, వలెరియన్ క్రూపా." అంత ఒకేలా చదివే గొంతు మొదటి పేరు దగ్గర కాస్త నెమ్మదించింది. ఆ తేడా వేరెవరికీ తెలియదు గాని లెక్టర్లకి తెలుస్తుంది.

కలీనా అద్దం అవతల నుంచి మైకులో, ఒక లైను పోయింది, వెనక్కి తిప్పనా అని అడిగింది.

"వద్దమ్మా. తర్వాతి పన్నెండింటిలో చదువుతాను, అవి జనానివి. ఈ ఒక్కచోటా వదిలేయండి."

"ఇంత పోరాడి ఇదేమిటండీ? ఛానల్ వాళ్లకి ఏం చెప్పను?"

వలెరియన్ పేజీల అంచులు సరిచేసి బల్ల మీద తట్టాడు. నలభై ఏళ్లలో ఒక్క లైను వదల్లేదని ఆయన గురించి ఆ వృత్తిలో అందరూ చెప్పుకుంటారు, అది ఆయనకీ తెలుసు. "లెక్టరు ముసలివాడైపోయాడు, ఒక లైను మర్చిపోయాడని చెప్పండి" అన్నాడు.

కలీనా ఆయన మొహంలోకి చూసింది. టేపు మీద చీటీ అంటించి తేదీ రాసింది.

వలెరియన్ చాకు తుడిచి పెట్టెలో పెట్టుకుని బయటికి వచ్చాడు. వరండాలో తలుపు మీద చిన్న స్పీకరుంది, లోపల చదివేది బయటికి వినిపిస్తుంది. దాని కింద బెంచీ మీద ఇర్మినా కూర్చుని ఉంది, కోటు గుండీలన్నీ పెట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని. ఇన్నేళ్లలో రికార్డింగ్‌కి ఆమె ఎన్నడూ రాలేదు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. స్పీకరులో వినపడాల్సిన మాట వినపడలేదని మాత్రం ఆమెకి తెలుసు, కళ్లలో తెలుస్తూనే ఉంది.

ఆయన కోటు పక్క కొక్కేనికి బూడిద రంగు మఫ్లరు వేలాడుతోంది. ఆకుపచ్చ చార వెలిసిపోయింది, ఒక మూల రెండుచోట్ల రఫ్ఫు చేసి ఉంది.

వలెరియన్ దానివైపు చూశాడు. ఆమెవైపు చూశాడు. నలభై రెండేళ్లు ఊళ్లోవాళ్లందరి మాటలూ చదివినవాడికి తనదంటూ ఒక్క మాటా దొరకలేదు.

ఇర్మినా లేచి నిలబడింది. "మఫ్లర్ తీసుకో" అంది.

ఆయన తీసుకున్నాడు. ముడి కుదరకపోతే ఆమే దగ్గరికొచ్చి చుట్టింది. ఇద్దరూ మెట్లు దిగి గేటు దాటారు. కాపలా మనిషి తలెత్తి నమస్కారం పెట్టాడు. ఈసారి వలెరియన్ అతనికి ఏమీ అప్పగించలేదు.